ఎన్నారై సందేహాలు: మద్యం ముట్టనివారు పబ్బుకు వెళ్లవచ్చా?

సందేహం: ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని హేస్టింగ్స్‌కు నర్సుగా కొత్తగా వచ్చాను. డ్యూటీ అయ్యాక వార్డులో వాళ్లు ఓల్డ్ టౌన్‌లోని పబ్బుకు రమ్మంటున్నారు. నేను మద్యం ముట్టను, మాంసం తినను. ఇప్పటివరకు ఏదో ఒక వంక చెప్పి తప్పించుకున్నాను. వెళ్లకపోతే ఏమనుకుంటారో, వెళితే ఎలా మెలగాలో తెలియడం లేదు.

జవాబు: వెళ్లండి. ఇంకోసారి వంక చెబితే ఆ తర్వాత పిలవరు. కోపంతో కాదు, మీకు ఇష్టం లేదేమోనని మర్యాదగా ఊరుకుంటారు.

జూబ్లీహిల్స్ పబ్బుల గురించి విన్నదంతా గుమ్మం బయట వదిలేయండి. ఇక్కడ చెవులు పగిలే పాటలు, ప్రవేశ రుసుము ఉండవు. తలకు తగిలేంత కిందికి ఉన్న దూలాలు, బల్ల కింద పడుకున్న కుక్క, మూలన ఒంటరిగా పత్రిక చదువుకుంటున్న పెద్దావిడ కనిపిస్తారు. 2007 జులై నుంచి లోపల పొగ తాగడం నిషేధం కాబట్టి ఆ బాధా లేదు. పైగా మీరున్నది హేస్టింగ్స్‌లో. ఆల్ సెయింట్స్ వీధిలోని స్టాగ్ ఇన్‌లో ఎప్పుడో ఎండిపోయిన పిల్లుల కళేబరాలను ప్రదర్శనకు పెట్టారు. 2012లో ఇదే ఊళ్లో 14,231 మంది సముద్రపు దొంగల వేషాలు వేసుకుని గిన్నిస్ రికార్డు కొట్టారు. ఇలాంటి ఊళ్లో చుడీదార్ మీద కోటు తొడుక్కుని నిమ్మ సోడా తాగే అమ్మాయి ఎవరికీ వింత కాదు.

బల్ల దగ్గర కూర్చుంటే చాలా పబ్బుల్లో ఎవరూ వచ్చి ఏం కావాలని అడగరు. కౌంటర్ దగ్గరికి వెళ్లి, డబ్బిచ్చి, గ్లాసు మీరే తెచ్చుకోవాలి. అక్కడ వరుస కనిపించదు కానీ ఉంటుంది. ఎవరి తర్వాత ఎవరు వచ్చారో నిలుచున్న అందరికీ తెలుసు. చిటికెలు వేయడం, నోటు ఊపడం పనికిరావు. మీకంటే ముందు వచ్చినాయనను చూడకుండా మిమ్మల్ని అడిగితే ‘ఈయన ముందు వచ్చారు’ అనండి. పరిచయం అక్కడే మొదలవుతుంది.

అసలు చిక్కు రౌండ్ల దగ్గర. బిల్లు చివర్లో పంచుకోవడం ఇక్కడి పద్ధతి కాదు. నలుగురు వెళితే ఒకరు నలుగురికీ కొంటారు, గ్లాసులు ఖాళీ కావస్తుండగా మరొకరు లేస్తారు. ఒక పింటు బీరు అంటే 568 మిల్లీలీటర్లు, ఖరీదు సుమారు అయిదారు పౌండ్లు. మీ సోడా అందులో సగం కూడా ఉండదు కాబట్టి ఈ లెక్క తమకు వర్తించదని మనవాళ్లు కొందరు అనుకుంటారు. పేరు పోగొట్టుకునేది ఇక్కడే. మీరు తాగడం లేదన్న సంగతిని ఎవరూ పట్టించుకోరు. తన వంతు రాగానే ఫోను చెవికి పెట్టుకుని బయటికి నడిచే మనిషిని మాత్రం ఏళ్ల తరబడి గుర్తుంచుకుంటారు. గిట్టదనిపిస్తే ‘నాది నేను కొనుక్కుంటాను, ఎక్కువసేపు ఉండను’ అని ముందే చెప్పండి, ఎవరూ తప్పు పట్టరు. కానీ మొదటి సాయంత్రానికి నా సలహా వేరు: మొదటి రౌండు మీరే కొనండి. ఆ మొత్తాన్ని రూపాయల్లోకి మార్చుకున్నారంటే మాత్రం సోడా కూడా గొంతు దిగదు. బీరు కొనేటప్పుడు వయసు రుజువు అడగవచ్చు. చట్టప్రకారం 18 చాలు, అయినా 25 లోపు కనిపించే ఎవరినైనా అడగడం అలవాటు. పాస్‌పోర్టు వెంట తిప్పకుండా ప్రొవిజనల్ డ్రైవింగ్ లైసెన్సు (మన లెర్నర్స్ లైసెన్సు లాంటిది) తీసుకుంటే మంచిది.

కుళాయి నీళ్లు అడిగితే ఉచితంగా ఇవ్వాలని చట్టమే ఉంది. ఆల్కహాల్ లేదని అమ్మే బీర్లలో కొన్నింటిలో 0.5 శాతం ఉంటుంది. నిష్ఠగా ఉండేవారు 0.0 అని రాసి ఉన్నదే అడగాలి. కౌంటర్ వెనక పొట్లాలలో వేలాడే పోర్క్ స్క్రాచింగ్స్ వేయించిన పంది తోలు. చిప్స్ అనుకుని తీసుకోకండి. ఇక్కడ చిప్స్ అనే వేడి బంగాళదుంప ముక్కలను కూడా సముద్రతీర దుకాణాలు కొన్ని గొడ్డు కొవ్వులో వేయిస్తాయి, అడిగి తెలుసుకోండి.

ఇక మాటలు. జీతం, అద్దె, పిల్లలు ఎందుకు లేరు అన్నవి మనకు పలకరింపులు, వాళ్లకు దర్యాప్తు. గాలి సంగతి, చేతిలోని చిప్స్ ఎత్తుకుపోయే సీగల్ పక్షుల సంగతి ఎత్తండి. యజమాని పేరుకంటే ముందు కుక్క పేరు అడగవచ్చు. మీది ఉప్పాడ వైపో, భీమిలి వైపో అయితే ఇంకా సులువు. ఇక్కడి చేపల పడవలు రేవులో నిలబడవు, గులకరాళ్ల ఒడ్డు మీదికే లాగుతారు. మా ఊళ్లో ఇసుక మీదికి లాగుతారని మొదలుపెడితే ముసలి జాలరులు మిమ్మల్ని లేవనివ్వరు. నార్మన్లు ఇంగ్లండ్ రాజును ఓడించిన 1066 నాటి హేస్టింగ్స్ యుద్ధం నిజానికి ఇక్కడ జరగలేదని, పది కిలోమీటర్ల పైచిలుకు లోపల ఉన్న బ్యాటిల్ అనే ఊళ్లో జరిగిందని అన్నారంటే మీరు చదువుకున్నవారని ఒప్పుకుంటారు. వాళ్లు మిమ్మల్ని ఆటపట్టించడం మొదలుపెడితే కలుపుకున్నారని అర్థం.

అందరూ మంచివాళ్లేనని నేను చెప్పను. ఎవరైనా తాగి మీ రంగు గురించో, దేశం గురించో నోరు పారేసుకుంటే వాదించకండి, కౌంటర్ దగ్గర చెప్పండి. ఎవరినైనా బయటికి పంపే హక్కు పబ్బు నడిపేవారికి ఉంది, సంకోచం లేకుండా వాడతారు కూడా.

గంట మోగితే చివరి గ్లాసులు కొనుక్కోమని అర్థం. లేచేటప్పుడు ఖాళీ గ్లాసు కౌంటర్ మీద పెట్టి రండి. రాత్రి బస్సులు తక్కువ, ముందే చూసుకోండి.

మొదటిసారి వారం మధ్యలో వెళ్లండి. మే తొలి సోమవారం సెలవుకు మాత్రం వద్దు. అది జాక్ ఇన్ ది గ్రీన్ పండుగ. ఒళ్లంతా ఆకులు కప్పుకున్నవాళ్లు, ఆకుపచ్చ ముఖాలవాళ్లు పబ్బుల నిండా ఉంటారు, కనిపించినవారి ముక్కుకు పచ్చరంగు పూస్తారు. వెళ్లి తీరాలనుకుంటే రంగు అంటి పాడైనా ఫరవాలేదనుకునే బట్టలు వేసుకోండి.