తీపి మానేస్తే కణితి మాడిపోతుందా? కణితి తన చుట్టూ చేసే పని గురించి

మీరు అడిగినవి రెండు: క్యాన్సర్ కణాలు అంత గ్లూకోజ్ లాగేసుకుంటే చుట్టుపక్కల కణజాలానికి ఏమవుతుంది, తీపి పూర్తిగా మానేస్తే కణితి మాడిపోతుందా అని. రెండోదానికి జవాబు ముందే చెప్పేస్తాను, మాడిపోదు. మొదటిది తెలిస్తే ఎందుకో అర్థమవుతుంది.

నేను నాలుగేళ్లు ల్యాబ్‌లో క్యాన్సర్ కణాలు పెంచే పని చేశాను. వాటికి పోసే పోషక ద్రవంలో (మీడియం అంటారు) ఫీనాల్ రెడ్ అని ఒక రంగు కలుపుతారు, ఆమ్లం పెరిగితే ఎరుపు నుంచి పసుపుకు తిరుగుతుంది. శుక్రవారం సాయంత్రం ఎర్రగా ఉన్న ఫ్లాస్కు సోమవారం పొద్దున్న చూస్తే నిమ్మపండు రంగులో ఉండేది. మొదట్లో నాకది మీడియం మార్చాలన్న గుర్తు మాత్రమే. మనిషి ఒంట్లో ఉన్న కణితికి అలా మీడియం మార్చేవాళ్లు ఎవరూ ఉండరని చాలా ఆలస్యంగా తట్టింది.

ఆక్సిజన్ ఉన్నా కూడా ఈ కణాలు గ్లూకోజ్‌ను పూర్తిగా వాడుకోకుండా లాక్టేట్ అనే పదార్థంగా మార్చేస్తాయని జర్మన్ శాస్త్రవేత్త ఓటో వార్‌బర్గ్ 1920ల్లోనే గమనించాడు. పూర్తిగా వాడుకుంటే ఒక్క గ్లూకోజ్ నుంచి సుమారు 30 ఏటీపీలు (కణానికి శక్తినిచ్చే అణువులు) వస్తాయి, ఈ దారిలో వచ్చేవి 2. నష్టమే అనిపిస్తుంది కానీ ఈ దారిలో పని వేగంగా జరుగుతుంది, పైగా కొత్త కణాలు కట్టుకోవడానికి కావలసిన ముడిసరుకు మధ్యలోనే దొరుకుతుంది. తయారైన లాక్టేట్‌నూ ఆమ్లాన్నీ కణం బయటికి తోసేస్తుంది. దాని లోపల పీహెచ్ (ఆమ్లాన్ని కొలిచే అంకె, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువని అర్థం) బాగానే ఉంటుంది, బయట మాత్రం 7.4 ఉండాల్సింది చాలా కణితుల్లో 6.5 నుంచి 6.9 దాకా పడిపోతుంది. రక్తం దాన్ని కడిగేయాలి కదా అంటే, కణితిలో రక్తనాళాలు వంకరటింకరగా, కారుతూ ఉంటాయి. నాళం నుంచి 100–200 మైక్రోమీటర్లు దాటితే ఆక్సిజన్ కూడా సరిగా అందదు. అలాంటి చోట కణాలు గ్లూకోజ్ మీద ఇంకా ఎక్కువ ఆధారపడతాయి, ఆమ్లం ఇంకా పెరుగుతుంది. ఆక్సిజన్ లేని చోట రేడియేషన్ కూడా అంత బాగా పనిచేయదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది రోగనిరోధక కణాల పరిస్థితి. క్యాన్సర్‌ను చంపాల్సిన టీ కణాలకు కూడా పోరాడటానికి గ్లూకోజ్ కావాలి. అక్కడికి వచ్చేసరికి తిండి తక్కువ, చుట్టూ ఆమ్లం, దాంతో చంపే పని మందగిస్తుంది. మాక్రోఫేజ్‌లనే మరో రకం రోగనిరోధక కణాలైతే లాక్టేట్ ప్రభావంతో దాడి మానేసి గాయం మాన్పే ధోరణిలోకి మారిపోతాయి, అంటే కొత్త రక్తనాళాలు వేయడంలో కణితికే సాయం చేస్తాయి. అలాగని క్యాన్సర్ కణం ఒక్కటే గ్లూకోజ్ దొంగ అనుకోవద్దు. 2021లో ఎలుకల కణితుల మీద వచ్చిన ఒక అధ్యయనంలో, ఒక్కో కణం లెక్కన గ్లూకోజ్ ఎక్కువగా తీసుకున్నవి మైలాయిడ్ రకం (మాక్రోఫేజ్‌లు ఈ కుటుంబానివే) రోగనిరోధక కణాలే, క్యాన్సర్ కణాలు గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లం మీద ఎక్కువగా పడ్డాయి.

ఇక తీపి సంగతి. మా పెద్దమ్మకు పెట్ స్కాన్ చేసినప్పుడు కణితి మెరుస్తూ కనిపించింది. అది గ్లూకోజ్ లాంటి పదార్థానికి రేడియోధార్మిక ఫ్లోరిన్ తగిలించి చేసే పరీక్ష, మెదడు కూడా అలాగే మెరుస్తుంది. కానీ ఎవరో "చూశావా, చక్కెరే తింటోంది" అన్నారట, అంతే, తీపితో పాటు పిండిపదార్థాలన్నీ మానేసింది. మనం తినకపోతే శరీరం కండరాల ప్రోటీన్‌ను కరిగించి మరీ కాలేయంలో గ్లూకోజ్ తయారుచేస్తుంది, రక్తంలో దాన్ని పూర్తిగా పడిపోనివ్వదు. కణితికి అందేది అందుతూనే ఉంది, పెద్దమ్మ మాత్రం బాగా చిక్కిపోయింది, ఒక కీమో వాయిదా పడింది. ఈ పనిలోనే ఉండి కూడా నేను ముందుగా కనుక్కోలేదన్న బాధ ఇప్పటికీ ఉంది. ఆమ్లం తగ్గుతుందని ఆల్కలైన్ (క్షారగుణం ఉన్న) నీళ్లు కూడా తెప్పించుకుంది. ఊపిరితిత్తులు, కిడ్నీలు రక్తం పీహెచ్‌ను 7.35–7.45 మధ్యే పట్టి ఉంచుతాయి, ఆ నీళ్లు కణితి చుట్టూ ఉన్న ఆమ్లాన్ని మార్చలేవు.

చివరికి నా ఫోన్‌లో ఉన్న పాత ఫ్లాస్కు ఫోటోలు చూపించి ఇదంతా చెప్పాను. డైటీషియన్‌తో మాట్లాడాక మెల్లగా మళ్లీ తినడం మొదలుపెట్టింది. మీ ఇంట్లో వాళ్లకు షుగర్ వ్యాధి కూడా ఉంటే దాన్ని అదుపులో పెట్టడం వేరే విషయం, అది తప్పకుండా చూసుకోవాలి, కానీ చికిత్స నడుస్తుండగా తిండి తగ్గించే ముందు ఆంకాలజిస్టును ఒకసారి అడగండి.