స్టెప్ సైజ్ ఎంత తగ్గించినా ప్రొజెక్షన్ మెథడ్ ఎందుకు కన్వర్జ్ కావట్లేదు?

ఇద్దరు ఆటగాళ్ల సమతుల్యత సమస్యకు ప్రొజెక్షన్ మెథడ్ (ప్రతిసారీ ఒక దిశలో అడుగు వేసి, హద్దు దాటితే లోపలి దగ్గరి పాయింట్‌కి తెచ్చుకునే పద్ధతి) రాశానని, స్టెప్ ఎంత తగ్గించినా సమాధానం దగ్గరికి రావట్లేదని, కోడ్‌లో తప్పెక్కడో చెప్పమని అడిగారు. తప్పు కోడ్‌లో లేకపోవచ్చు. పీహెచ్‌డీ మొదటి ఏడాది నేనూ సరిగ్గా ఇక్కడే మూడు వారాలు ఇరుక్కుపోయాను. ప్లస్సులు, మైనస్సులు తిరగేసి చూశాను. చివరికి పాయింట్లన్నీ ప్లాట్ చేస్తే, తెర మీద జంతిక చుట్టినట్టు లోపలి నుంచి బయటికి ఒక చుట్ట కనిపించింది.

కాగితం మీద మీరే చేసి చూడండి. ఒకరు ఎక్స్‌ని, ఇంకొకరు వైని ఎంచుకుంటారు. రెండింటి లబ్ధాన్ని మొదటివారు తగ్గించాలి, రెండోవారు పెంచాలి. సమతుల్యత, అంటే ఎవరూ ఒక్కరే మారి లాభపడలేని చోటు, (0, 0) దగ్గర ఉంది. హద్దులేమీ లేవు కాబట్టి ప్రతి అడుగులో ఎక్స్ నుంచి స్టెప్ రెట్లు వైని తీసేసి, వైకి స్టెప్ రెట్లు ఎక్స్‌ని కలిపితే చాలు. స్టెప్ 0.5తో (1, 0) నుంచి బయల్దేరితే (1, 0.5), తర్వాత (0.75, 1), ఆ తర్వాత (0.25, 1.375). దూరం వర్గం 1 నుంచి 1.25, 1.5625, 1.953 అవుతూ పోతుంది. స్టెప్ 0.1 చేసినా ప్రతి అడుగుకీ 1.01 రెట్లు పెరుగుతుంది. అంటే నెమ్మదిగా దూరమవుతాం, అంతే. ఈ ఆట మోనోటోనే (రెండు పాయింట్ల తేడానీ, అక్కడి దిశల తేడానీ డాట్ ప్రొడక్ట్ చేస్తే సున్నా కంటే తగ్గదు) కానీ స్ట్రాంగ్లీ మోనోటోన్ (ఆ విలువ దూరం వర్గానికి ఒక స్థిరమైన వంతైనా ఉండాలి) కాదు. మామూలు ప్రొజెక్షన్‌కి మొదటిది ఒక్కటే చాలదు, రెండోదాని లాంటి గట్టి షరతు కావాలి.

1976లో కోర్పెలెవిచ్ ఇచ్చిన ఎక్స్‌ట్రాగ్రేడియంట్ పద్ధతి ఇక్కడ పనిచేస్తుంది. ముందు ఒక అడుగు వేసి చూడాలి: (1, 0.5). అక్కడి దిశను తీసుకుని, అడుగు మాత్రం పాత చోటు (1, 0) నుంచే వేయాలి. (0.75, 0.5) వస్తుంది, దూరం వర్గం 0.8125. మొదటిసారి ఈ లెక్క చేతితో చేసినప్పుడు ఎంత సంతోషమేసిందో! రెండు లైన్ల మార్పుతో చుట్ట లోపలికి తిరిగింది.

ఇంకో పొరపాటు కూడా చెప్పాలి. అంతకుముందు నేను స్టెప్‌ని 1, 1/2, 1/3 ఇలా తగ్గిస్తూ, వరుస పాయింట్ల తేడా 0.0001 కంటే తక్కువైతే ఆగమని రాశాను. సుమారు 19,000 ఇటరేషన్ల తర్వాత ఆగింది. కన్వర్జ్ అయిందని గైడ్ గారికి చూపిస్తే, "రెసిడ్యువల్ ఎంత?" అన్నారు. చూస్తే 1.9. ఈ ఆటలో రెసిడ్యువల్ అంటే సమతుల్యతకి ఉన్న దూరమే, బయల్దేరినప్పుడు అది 1! అడుగు చిన్నదైపోయింది కాబట్టి తేడా తగ్గిందే తప్ప ఎక్కడికీ చేరలేదు. అందుకే వరుస పాయింట్ల తేడాని నమ్మకండి. స్టెప్ 1తో ఒక ప్రొజెక్షన్ వేస్తే ఆ పాయింట్ ఎంత కదులుతుందో ప్రింట్ చేయండి, రెసిడ్యువల్ అంటే అదే.

మీది 1994లో బ్లుమ్, ఓట్లీ రాసిన సాధారణ రూపంలో (f(u, v) విలువ ఏ vకీ సున్నా కంటే తగ్గని uని వెతికే రూపం) ఉంటే, ప్రొజెక్షన్ బదులు ప్రతి ఇటరేషన్‌లో రెండు చిన్న కాన్వెక్స్ సమస్యలు సాల్వ్ చేయాలి. మిగతాదంతా ఇదే.

ఎక్స్‌ట్రాగ్రేడియంట్‌లో స్టెప్ మాత్రం ఆపరేటర్ (ప్రతి పాయింట్ దగ్గర అడుగు దిశనిచ్చే ఫంక్షన్) లిప్‌షిట్జ్ స్థిరాంకపు విలోమం కంటే తక్కువ ఉండాలి. పాయింట్ కదిలిన దూరానికి ఆపరేటర్ విలువ గరిష్ఠంగా ఎన్ని రెట్లు మారుతుందో చెప్పేదే ఆ స్థిరాంకం. ఆ స్థిరాంకం తెలియకపోతే, పాత చోటుకీ ముందడుగు వేసి చూసిన చోటుకీ ఆపరేటర్ విలువల తేడాని స్టెప్‌తో గుణించండి. అది ఆ రెండు పాయింట్ల దూరంలో 0.9 వంతు దాటితే స్టెప్ సగం చేసి మళ్లీ చూడండి. నేను ఇప్పటికీ ఇలాగే చేస్తాను.