సముద్రం పక్కన పడుకోబోయే మా అమ్మలుకి

బరంపురం

అమ్మలూ,

దసరా సెలవుల్లో మీ ఆఫీసు పిల్లలతో కలిసి మా బరంపురం దగ్గరి సోనపూర్ ఒడ్డున టెంటు వేసుకుని రెండు రాత్రులు ఉంటామని రాశావు. మీ నాన్నని అడగకుండా నన్నెందుకు అడిగావో కూడా అర్థమైంది. వెళ్లండి, మీ నాన్నతో నేను మాట్లాడతాను. కానీ దసరాకి మాత్రం వద్దు.

మన తీరానికి అక్టోబరు అచ్చిరాదు. 1999లో పారాదీప్ వైపు కొట్టిన పెను తుపాను సంగతి అందరికీ తెలుసు గాని, దానికి పది పన్నెండు రోజుల ముందే గోపాలపూర్ దగ్గర ఇంకొకటి తీరం దాటిందని బయటివాళ్లకి గుర్తుండదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ వచ్చింది కూడా గోపాలపూర్ దగ్గరికే. దుర్గాష్టమి రోజది. 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటి ఇటు గంజాం, గజపతి జిల్లాల్ని కూడా నానబెట్టింది. ఆ నెలలో ఆకాశం ఉదయం ఎంత నీలంగా ఉన్నా నేను నమ్మను. కార్తీకంలో కూడా వద్దు. వనభోజనాలవాళ్లు మైకులు పెడతారు, పౌర్ణమి తెల్లవారుజామున బోయిత బందాణ అనే పడవల పండక్కి అరటి దొప్పల పడవలు పట్టుకుని ఊళ్లకి ఊళ్లు నీళ్ల దగ్గరికి వస్తాయి. చూడ్డానికి బాగుంటుంది, అది వేరే సంగతి. మీరడిగింది సద్దులేని చోటు కదా. మార్గశిరం నుంచి జనవరి ఆఖరు దాకా మంచి రోజులు. వర్షం ఉండదు, ఉక్క ఉండదు.

ఫిబ్రవరి వచ్చేసరికి తాబేళ్ల కాలం. ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర, పురుణాబంధ, గోఖరకుద వైపు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వేలల్లో ఒడ్డెక్కుతాయి. ఆ రోజుల్లో అక్కడ టెంటు మాటే ఎత్తకండి, అటవీ శాఖవాళ్లు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. ఒకటీ అరా సోనపూర్ వైపూ వస్తుంటాయి. కనిపిస్తే దీపాలార్పి దూరంగా కూర్చోండి. ఫోను లైటు కూడా వెయ్యొద్దు, వెలుగు చూస్తే గుడ్లు పెట్టకుండానే వెనక్కి మళ్లిపోతాయి. తాబేలు పిల్లలైతే మరీను, గుడ్లు పెట్టిన నలభై అయిదు నుంచి అరవై రోజులకి బయటికొచ్చి ఎటు వెలుగు కనిపిస్తే అటే పాకుతాయి. సముద్రమనుకుని మీ లాంతరు దగ్గరికొచ్చేస్తాయి. 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జంతువది. ముట్టుకోవడం, ఎత్తుకుని ఫొటో దిగడం సరదా కాదు, కేసు.

నెల కుదిరాక తిథి చూసుకో. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు బాగా పైకొస్తుంది, సప్తమి అష్టముల్లో తక్కువ. కొత్తగా వెళ్లేవాళ్లు అష్టమి చుట్టుపక్కల వెళ్లడమే మేలు. పోటు రోజుకి రెండుసార్లు వస్తుంది, ఇవాళ్టి కంటే రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా. హైదరాబాదులో ఇన్‌కాయిస్ అని కేంద్ర సంస్థ ఉంది, గోపాలపూర్ పోటుపాట్ల వేళలూ, ఎత్తైన కెరటాల హెచ్చరికలూ వాళ్లే ఇస్తారు. బయల్దేరే ముందు అది చూడు. గోపాలపూర్ ఓడరేవులో ఏ నంబరు ప్రమాద సూచిక ఎగరేసినా, అది ఒకటో నంబరే అయినా, ప్రయాణం మానుకోండి. ఎక్కడో దూరాన ఉన్న వాయుగుండమైనా కెరటాన్ని ముందు పంపిస్తుంది.

ఇక చోటు సంగతి. ఈ ఉత్తరంలో మిగతాదంతా మర్చిపోయినా ఫర్వాలేదు గాని ఇది మర్చిపోకు. భీమిలి, విశాఖల్లోలా కొండలూ రాళ్లూ నీళ్లదాకా వచ్చిన తీరం కాదు మనది, అంతా ఇసకే. అందుకని మెత్తగా ఉంటుందనుకోకు. ఒడ్డు నిటారుగా దిగుతుంది, నాలుగడుగులు వేస్తే లోతు, కెరటం వచ్చి ఒడ్డు మీదే విరుగుతుంది. పూర్వం ఇక్కడి పడవలకి మేకులుండేవి కావు, పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టేవారు. మేకు కొట్టిన పడవ ఆ కెరటం దెబ్బకి విచ్చిపోయేది, కుట్టింది వంగి, ఊగి తట్టుకునేది. ఇప్పుడన్నీ ఫైబర్ పడవలే అనుకో. పడవకే అంత జాగ్రత్త పడాల్సిన తీరంలో మీ గుడ్డ టెంటు ఎంత?

పగలు మూడు గంటలకల్లా అక్కడుండండి. ఒడ్డున నడుస్తూ కింద చూడండి. కెరటం తెచ్చి పడేసిన చెత్త వరసలు వరసలుగా కనిపిస్తుంది. తడిగా ఉన్న వరస ఇవాళ్టిది. దానికి పైన ఎండిన నాచు, గవ్వలు, తెగిన వలముక్కలు, నీళ్ల సీసాలు ఉన్న వరస మొన్నటి అమావాస్యదో పౌర్ణమిదో. ఇంకా పైకెక్కితే ఇసక మీద తీగ పాకి ఉంటుంది. ఆకు మధ్యకి చీలినట్టుంటుంది, ఊదా పూలు పూస్తుంది. చెవులపిల్లి తీగ అంటారు. ఆ తీగ ఒత్తుగా అల్లుకున్న చోటికి మామూలు కెరటం రాదు, వస్తే ఆ తీగ అంత ఒత్తుగా పెరగదు. తీగ కూడా దాటి, మొదటి ఇసక దిబ్బ వెనకాల పల్లంలో టెంటు వెయ్యండి. తీగ మీద వెయ్యకండి, దిబ్బని పట్టి నిలబెడుతున్నది అదే.

సముద్రం కనిపించదు కదా చిన్నాన్నా అంటావు. చప్పుడు వినిపిస్తుంది, చాలు. చూడాలనుకున్నప్పుడు దిబ్బ ఎక్కి చూసుకోండి.

బాహుదా మొగ దగ్గర ఇసక నాలుకలాగా ముందుకు సాగి ఉంటుంది. ఇటు ఏరు, అటు సముద్రం. ఫొటోల్లో అందరూ చూపించేది ఆ చోటే. పగలు నడిచి రండి, రాత్రి అక్కడ పడుకోకండి. మొగ ఏడాదికో తీరున జరుగుతుంది, నిరుడు నడిచిన ఇసక ఈ ఏడు నీళ్లలో ఉంటుంది. సరుగుడు తోటలో కూడా లోపలికి పోవద్దు. తుపాను గాలిని ఆపడానికి అటవీ శాఖ పెంచిన తోటలవి, చాలా చోట్ల పైన విరిగిన కొమ్మలు వేలాడుతూనే ఉంటాయి. తోట అంచున, నెత్తి మీద ఏమీ లేని చోటు చూసుకోండి. మొగలి పొదలకీ ఎడంగా ఉండండి. గంజాం మొగలి పువ్వుకి దేశమంతా పేరే గాని ఆ ముళ్లు టెంటు గుడ్డని చీరేస్తాయి. పాములు పూల వాసనకి వస్తాయని మీ నానమ్మ అనేది. పువ్వు కోసం కాదు, ఆ పొదల కింద తిరిగే ఎలుకల కోసం వస్తాయి. ఎందుకోసమైతేనేం, వస్తాయి.

గోపాలపూర్ దగ్గర గోళబంధ వైపు ఖాళీగా ఉందని అటు పోయేరు. అక్కడ సైన్యం ఫైరింగ్ రేంజి ఉంది.

చోటు చూసుకున్నాక, టెంటు విప్పకముందే, జాలరివాళ్ల వాడలోకి వెళ్లండి. ఒరియావాళ్లు నోలియాలంటారు వాళ్లని, ఇంట్లో మాట్లాడేది మన తెలుగే. మీ భువనేశ్వర్ పిల్లలు తెలుగురాక బిక్కమొహం వేస్తారు గాని నీకా ఇబ్బంది లేదు. వల అల్లుకుంటున్న పెద్దాయనెవరో ఒకరు ఉంటారు. పక్కన కూర్చుని, “తాతా, ఇక్కడ రెండు రాత్రులు ఉందామనుకుంటున్నాం, ఎక్కడైతే మంచిది?” అని అడుగు. ఉండొచ్చా అని కాదు, ఎక్కడైతే మంచిది అని. అలా అడిగితే ఆయనే లేచి వచ్చి చూపిస్తాడు. మీరు చూసుకున్న చోటు వద్దంటే ఎందుకని వాదించకండి. అది పడవ లాగే దారి అయినా కావచ్చు, ఊరివాళ్లు పొద్దున్నే చెంబు పట్టుకుని వచ్చే చోటైనా కావచ్చు. రెండోదైతే ఆయన నోటితో చెప్పడు, మొహమాటపడతాడు. ఆరబెట్టిన వలని చెప్పులతో తొక్కకండి, పడవ మీద ఎక్కి కూర్చుని ఫొటోలు దిగకండి. సర్పంచికి, దగ్గర్లోని పోలీసు స్టేషన్‌లో కూడా ఒక మాట చెప్పి, మీ పేర్లు, ఫోను నంబర్లు, బండి నంబరు కాగితం మీద రాసిచ్చి రండి. రాత్రి ఏదైనా అయితే ముందు పరిగెత్తుకొచ్చేది ఆ వాడవాళ్లే.

టెంటుతో ఇచ్చిన సన్నటి ఇనప మేకులు పొడి ఇసకలో నిలబడవు. గాలి ఒక్క ఊపు ఊపితే లేచొస్తాయి. బియ్యం సంచులో, చిన్న గోనె సంచులో పట్టుకెళ్లండి, ఒక్కో మూలకి ఒకటి. సంచిలో సగం ఇసక పోసి మూతి కట్టి, టెంటు తాడుని సంచి నడుముకి కట్టాలి, మూతికి కాదు. మోచెయ్యి లోతు గొయ్యి తీసి సంచిని తాడుకి అడ్డంగా పడుకోబెట్టి, ఇసక కప్పి కాలితో తొక్కి, పైన బకెట్టు నీళ్లు పొయ్యండి. తడి ఇసక పట్టు పొడి ఇసకకి రాదు. పని అయిందో లేదో చూడాలంటే ఇద్దరు కలిసి తాడు లాగండి, రాకూడదు. తలుపు సముద్రం వైపు పెట్టకండి. పగలు గాలి అటునుంచే వస్తుంది, ఇసకంతా పక్కల్లోకి చేరుతుంది. రాత్రి నేల వైపు నుంచి సన్నగా చల్లగాలి తిరుగుతుంది. శీతాకాలంలో మంచు బాగా పడుతుంది, తెల్లారేసరికి టెంటు లోపల కూడా నీళ్లు కారుతుంటాయి. అందుకని కిటికీలన్నీ మూసుకోవద్దు. దుప్పట్లు మాత్రం గుడ్డకి ఆనకుండా చూసుకోండి.

స్నానం ఊసు ఎత్తకుండానే ఉందామనుకున్నాను గాని మీ వయసువాళ్లు వింటారా. మోకాలి లోతు దాటి వెళ్లకండి, మందు తాగినవాడు అసలే వెళ్లకూడదు. అటూ ఇటూ కెరటాలు విరుగుతూ మధ్యలో ఒక్క చోట నీళ్లు నున్నగా కనిపిస్తాయి. ఈత రానివాడికి అదే మంచి చోటనిపిస్తుంది. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ వెనక్కి పోయే దారి అదే, మనిషిని కూడా దాంతోపాటే తీసుకుపోతుంది. ఎవరైనా అందులో పడితే ఒడ్డు వైపు కొట్టుకోకూడదు, అలిసిపోతారు. తేలుతూ ఉండి, ఒడ్డు వెంబడే పక్కకి జరిగి, కెరటం విరిగే చోటికి వచ్చాక లోపలికి రావాలి. రక్షించడానికని ఇంకొకడు దూకకూడదు. తాడో, మూత బిగించిన ఖాళీ నీళ్ల డబ్బానో విసరండి, వాడవాళ్లని కేకెయ్యండి. కోస్టు గార్డు నంబరు 1554, అంబులెన్సుకి 108.

ఒడ్డున నల్ల చారలు కనిపిస్తే మురికి అనుకోకండి. ఇల్మనైట్ లాంటి బరువైన ఖనిజాల ఇసక అది, ఛత్రపురం దగ్గర ఐఆర్ఈఎల్ వాళ్లు తవ్వి తీసేది దాన్నే. మధ్యాహ్నం దాని మీద ఉత్త కాళ్లతో నడిస్తే మాత్రం బొబ్బలెక్కుతాయి.

తాగే నీళ్లు మనిషికి రోజుకి నాలుగైదు లీటర్ల లెక్కన ఇక్కణ్ణుంచే పట్టుకెళ్లండి. వంటకి చిన్న గ్యాసు పొయ్యి చాలు. సరుగుడాకు కింద జానెడు మందాన ఎండి ఉంటుంది, నిప్పురవ్వ పడితే తోటంతా పోతుంది. చలిమంట కావాలంటే తోటకి దూరంగా, ఖాళీ ఇసక మీద, చిన్నది. ఆర్పేటప్పుడు ఇసక కప్పి వదిలెయ్యొద్దు. కింద నిప్పు అలాగే ఉంటుంది, పొద్దున్నే ఎవడి కాలో కాలుతుంది. నీళ్లు పోసి ఆర్పండి. మొదటి రాత్రికి పులిహోర, అటుకులు, మన అప్పడాలు సరిపోతాయి. రెండో పొద్దున్న పడవలు వచ్చే వేళకి ఒడ్డున నిలబడితే కవ్వళ్లు, కానగంతలు తాజాగా దొరుకుతాయి. కోనెం, చందువ పట్నం బేరగాళ్లు ముందే ఎగరేసుకుపోతారు, వాటి మీద ఆశ పెట్టుకోకు. ఆడవాళ్లు చెప్పిన ధరకి మరీ గీసి బేరమాడకు. వలలోంచి తీసి పారేసిన పాముల్ని, చచ్చినట్టున్నా సరే, కర్రతో కూడా కదపొద్దు. సముద్రపు పాములు బాగా విషం గలవి.

చెప్పులు టెంటు లోపలే పెట్టుకోండి, బయట వదిలితే పొద్దున్న దులపకుండా కాలు పెట్టకండి. రాత్రి లేస్తే దీపం లేకుండా అడుగు వెయ్యొద్దు. పాము కరిస్తే గట్టిగా కట్లు కట్టడం, కొయ్యడం, నోటితో పీల్చడం ఏమీ చెయ్యకండి. ఆ కాలో చెయ్యో కదలకుండా పెట్టి, తిన్నగా బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్లండి. నాటు వైద్యుడి దగ్గర ఒక్క నిమిషం కూడా ఆగొద్దు. జెల్లీఫిష్ తగిలితే సముద్రం నీళ్లతోనే కడగాలి, మంచినీళ్లు పోస్తే మంట పెరుగుతుంది, రుద్దితే ఇంకా పెరుగుతుంది.

దొడ్డికి వెళ్లడానికి దిబ్బల వెనక, నీళ్లకి దూరంగా జానెడు లోతు గొయ్యి తవ్వి, పని అయ్యాక పూడ్చండి. కాగితాలు పూడ్చొద్దు, సంచిలో వేసుకుని తెచ్చెయ్యండి. ఇందులో సిగ్గుపడడానికేం లేదు, ఆడపిల్లలు ఇద్దరిద్దరు కలిసి వెళ్లండి.

మార్గశిరంలో అష్టమి ఏ వారాంతానికి దగ్గరగా పడుతుందో కేలెండరు చూసి రాయి. ముందు రోజు రాత్రికే మా ఇంట్లో దిగితే మీ పిన్ని పులిహోర కట్టిస్తుంది, నేను ఇచ్ఛాపురం రోడ్డు మీద ఎక్కడ ఎడమకి తిరగాలో చూపించి వస్తాను. పార, టార్పాలిన్, రెండు లాంతర్లు అటక మీద ఉన్నాయి, పట్టుకెళ్లండి. గోనె సంచులు మాత్రం మీరే కొనుక్కోవాలి. నా దగ్గరున్నవి ఎలుకలు కొట్టేశాయి.

మీ చిన్నాన్న