లంకావిలో గది సంగతి తర్వాత, ముందు ఆ ఎఫ్‌డీ జోలికి వెళ్లకండి

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నాకు 43 ఏళ్లు. మూడెకరాల రొయ్యల చెరువు లీజుకు చేస్తున్నాను, రెండెకరాల కొబ్బరి తోట సొంతం. నా భార్య ప్రైవేటు కాలేజీలో లెక్చరర్, జీతం 38 వేలు. ఇంటి ఖర్చు నెలకు 45 వేలు. బ్యాంకులో 4 లక్షల ఎఫ్‌డీ ఉంది. దసరా సెలవుల్లో ఇద్దరు పిల్లల్ని, మా అమ్మను (66 ఏళ్లు, బీపీ, షుగర్ ఉన్నాయి) తీసుకుని సింగపూర్ నుంచి 4 రాత్రుల క్రూయిజ్‌కు, అది అయ్యాక మలేసియాలోని లంకావి దీవికి 5 రాత్రులకు వెళ్లాలని ఉంది. మొత్తం 6.2 లక్షలు అవుతుంది. ఓడకు 2.3, విమానాలకు 1.7, లంకావిలో గదులకు 1.2, మిగతా వాటికి లక్ష. ఎఫ్‌డీలో 3 లక్షలు తీసి, బంగారం మీద వ్యవసాయ రుణం కింద 2.5 లక్షలు తెచ్చి, 70 వేలు క్రెడిట్ కార్డు మీద పెట్టి, డిసెంబర్‌లో రొయ్యలు పట్టి అమ్మాక (పట్టుబడి) తీర్చేద్దామని ఆలోచన. రెండు గదులు కావాలి. బీచ్ రిసార్టులో ఒక్కో గది రాత్రికి 12 వేలు, పంతాయ్ చెనాంగ్ బీచ్ దగ్గర రోడ్డు అవతల 7,500, కువా టౌన్లో 4,500. ఏది తీసుకోమంటారు? దారిలో ఓడ పెనాంగ్‌లో ఆగుతుంది. అక్కడే దిగి లంకావి వెళ్లిపోతే ఖర్చు తగ్గుతుందా? ఈ నెల 25లోగా 50 వేలు అడ్వాన్సు కడితేనే ఈ ధర అంటున్నాడు ఏజెంటు.

జవాబు: గది వరకే అడిగితే, చెనాంగ్‌లో రోడ్డు అవతల 7,500 గది తీసుకోండి. ఎందుకో కింద రాస్తాను. మీ ప్రశ్నకు జవాబు రాయడానికి అసలు కారణం మాత్రం గది కాదు. చెరువుల మీద బతికే ఇళ్ల నుంచి ఇదే లెక్క పదే పదే వస్తోంది. ఇంకా చెరువులో మేత తింటున్న రొయ్యను అప్పుడే అమ్మేసి డబ్బు జేబులో వేసుకున్నట్టు రాసుకోవడం, దాని మీద అప్పు చేయడం. ఈ పద్ధతి ఆపండి.

మీకున్న 4 లక్షలు విహారయాత్ర డబ్బు కాదు. అది మీ అత్యవసర నిధి, అదీ బొటాబొటి. నెలజీతం మీద నడిచే ఇంటికి ఆరు నెలల ఖర్చు చాలంటాం. మీ ఇంట్లో స్థిరంగా వచ్చేది 38 వేలే, అది ఖర్చుకన్నా 7 వేలు తక్కువ. మిగిలిందంతా చెరువు, తోట చూపించే దయ. కాబట్టి మీకు తొమ్మిది నెలలు ఉండాలి. 45 వేలను తొమ్మిదితో గుణిస్తే 4,05,000. మూడు వారాల మేతకు, డీజిల్‌కు ఎంతవుతుందో నాకన్నా మీకే బాగా తెలుసు, అది దీనికి అదనం. అంటే ఈ రోజుకే మీకు తక్కువ ఉంది. ఇందులోంచి 3 లక్షలు తీస్తే లక్ష మిగులుతుంది. మీ ఇంటికి అది రెండు నెలల పైచిలుకు ఖర్చు.

అదీ ఏ నెలలో తీస్తున్నారు? అక్టోబర్‌లో. మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది 2025 అక్టోబర్ 28న. కోనసీమ కొబ్బరిని నేలమట్టం చేసిన తుపాను 1996 నవంబర్ 6న వచ్చింది. కూలిన చెట్టు స్థానంలో మొక్క నాటితే కాపుకు రావడానికి ఐదారేళ్లు, అప్పటిదాకా తోట ఆదాయం లేనట్టే. ఆ సంగతి మీ అమ్మగారిని అడిగినా చెబుతారు. చెరువు సంగతి ఇంకా దగ్గరిది. తుపానుకు కరెంటు పోతుంది, నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్లు ఆగిపోతాయి, తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, రొయ్య పైకి తేలుతుంది. అప్పుడు జనరేటర్‌కు డీజిల్ కావాలి, చేతిలో డబ్బుండాలి. ఆ రాత్రి బంకులో ఎవరూ అరువు పెట్టరు. వాన ఎక్కువై నీళ్లలో ఉప్పు (సాలినిటీ) పడిపోతే దాని వెనకే జబ్బు. వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు కనిపించిందంటే రొయ్య సరైన సైజుకు (కౌంట్) రాకముందే పట్టేయాలి, వచ్చిన ధరకు అమ్మేయాలి. చేతిలో నగదు లేని రైతు మేత డీలర్ దగ్గర అరువు పెడతాడు, ఆ అరువు తీరేదాకా సరుకు ఎవరికి అమ్మాలో, ఎంతకు అమ్మాలో తను చెప్పలేడు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు రొయ్య ధర ఎలా పడిందో ఎవరూ మరిచిపోలేదు. ఆ రోజుల్లో పదిహేను రోజులు ఆగగలిగినవాళ్లు, ఆగలేనివాళ్లు అని రైతులు రెండు రకాలుగా చీలిపోయారు. తేడా బ్యాంకులో ఉన్న డబ్బే.

ఇంకొకటి, మీరు రాయలేదు గనక అడుగుతున్నాను. డిసెంబర్‌లో పట్టుబడి అంటే దసరాకు చెరువు యాభై, అరవై రోజుల మధ్యలో ఉంటుంది. పది రోజులు చెరువు మీద ఎవరుంటారు? రొయ్యలు మేత ఎంత తిన్నాయో తెలిపే చెక్ ట్రే చూసి మేత తగ్గించాలో పెంచాలో తేల్చేది ఎవరు? జీతానికి ఉన్న కుర్రాడికి అప్పజెప్పి ఓడ ఎక్కితే నడిసముద్రంలో ఫోను సిగ్నల్ ఉండదు, ఓడ వైఫైకి విడిగా డాలర్లలో కట్టాలి.

ఇక అప్పు. పంట పేరు చెప్పి బంగారం మీద రుణం తీసుకుని ఓడ ఎక్కడం ఏం పద్ధతి? బ్యాంకుకు ఒక పని చెప్పి ఇంకో పనికి వాడుతున్నారు. అది సాగు పెట్టుబడికి ఇచ్చే డబ్బు, నిజంగా మేతకు అవసరం పడ్డ రోజున ఆ బంగారం తాకట్టులో ఉంటుంది. 9 శాతం వేసుకున్నా ఏడాదికి వడ్డీ 22,500. అంటే చెనాంగ్‌లో ఒక గదికి మూడు రాత్రుల అద్దె. డిసెంబర్‌లో తీరకపోతే వడ్డీ మాత్రం కట్టి తిరగరాయించుకోవడం మొదలవుతుంది. అలా మొదలుపెట్టిన నగలు ఏళ్ల తరబడి బ్యాంకులోనే ఉండిపోయిన ఇళ్లు మీ ఊళ్లోనూ ఉంటాయి. క్రెడిట్ కార్డు 70 వేలు గడువులో పూర్తిగా కట్టకుండా కనీస మొత్తం కట్టుకుంటూ పోతే నెలకు మూడున్నర శాతం దాకా పడుతుంది, ఏడాదికి 42. అంత వడ్డీ మీద ఏ యాత్రా వద్దు.

కాబట్టి యాత్రను వచ్చే ఏడాదికి, జనవరికి జరపండి. సంక్రాంతి కోళ్లను వదిలి రాగలిగితే అప్పుడు. ఇది డబ్బు మాటే కాదు. లంకావిలో సెప్టెంబర్, అక్టోబర్ బాగా వాన పడే నెలలు. సముద్రం లేస్తే దీవుల చుట్టూ తిప్పే పడవలు ఆపేస్తారు, గాలి, పిడుగులుంటే మచించాంగ్ కొండ మీది కేబుల్ కారూ ఆగుతుంది. కిటికీలోంచి సముద్రం కనపడాలని 12 వేలు కట్టి ఆ కిటికీలోంచి వాన చూస్తారు. డిసెంబర్ నుంచి మార్చి దాకా పొడిగా ఉంటుంది, పండగ రోజుల్లో గది ధర మాత్రం కొంచెం ఎక్కువ.

గదుల లెక్క చూద్దాం. రెండు గదులు, ఐదు రాత్రులు. రిసార్టు 1,20,000, చెనాంగ్ 75,000, కువా 45,000. కువా చవకగా కనిపిస్తుంది. కానీ అక్కడ ఈదే బీచ్ లేదు. అది జెట్టీ, సుంకం లేని దుకాణాలు ఉన్న టౌను. బీచ్‌కు ఇరవై కిలోమీటర్ల పైన రావాలి. దీవిలో సిటీ బస్సును నమ్ముకోలేం, గ్రాబ్ యాప్‌లో కారు పిలవాలి. ఐదుగురంటే పెద్ద కారు. రానూపోనూ 80 రింగిట్లు వేసుకోండి, రింగిట్ 22 రూపాయల లెక్కన రోజుకు 1,760, ఐదు రోజులకు 8,800. అప్పటికీ కువాలో 21 వేలు మిగులుతాయి, కాదనను. కానీ మధ్యాహ్నం ఎండలో అమ్మగారికి కాసేపు నడుం వాల్చాలనిపిస్తే తిరిగి వెళ్లే చోటు అరగంట దూరంలో ఉంటుంది, దానికి మళ్లీ కారు. చెనాంగ్‌లో రోడ్డు దాటితే ఇసుక, పక్కనే ఇండియన్ హోటళ్లు, విమానాశ్రయం పావుగంట. రాత్రి బార్ల మోత ఉంటుంది, రోడ్డు వైపు కాకుండా వెనకవైపు గది కావాలని ముందే రాయండి. అన్నిటికన్నా మేలు, చెనాంగ్ చుట్టుపక్కల రెండు పడకగదుల అపార్ట్‌మెంట్ దొరుకుతుందేమో వెతకడం. స్టవ్, ఫ్రిజ్ ఉన్నాయో లేదో అడిగి తీసుకోండి. షుగరున్న మనిషికి పూటకింత అన్నం, పప్పు ఇంట్లో వండుకునే వీలు ఐదు రోజుల్లో చాలా పనికొస్తుంది. ఉత్తరాన తంజుంగ్ రు చాలా అందమైన చోటు, కానీ తిండికి, మందుకు అన్నిటికీ కారే. చిన్నపిల్లలు, పెద్దవాళ్లతో వద్దు.

ఏది తీసుకున్నా విదేశీయుల దగ్గర గదికి, రాత్రికి 10 రింగిట్ల టూరిజం పన్ను హోటల్ కౌంటర్లో తీసుకుంటారు. మీకు అది 100 రింగిట్లు, 2,200 రూపాయలు. బుకింగ్ ధరలో సాధారణంగా కలిపి ఉండదు. కార్డు గీకేటప్పుడు మెషీన్ రూపాయల్లో కట్టమంటారా, రింగిట్లలోనా అని అడుగుతుంది. రింగిట్లే నొక్కండి, రూపాయలు నొక్కితే వాళ్ల మారకం రేటు పడుతుంది. స్కూటర్ అద్దెకు దొరుకుతుంది. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ లేకుండా దాన్ని ముట్టుకోవద్దు, దెబ్బ తగిలితే బీమా కంపెనీ మొదట అడిగే కాగితం అదే.

పెనాంగ్‌లో దిగిపోవడం కుదరదు. సింగపూర్‌లో ఎక్కి సింగపూర్‌లో దిగే టికెట్ అది. మధ్యలో దిగాలంటే కంపెనీ ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, ఒప్పుకున్నా మిగిలిన రాత్రుల డబ్బు వెనక్కి రాదు. సింగపూర్‌లోనే దిగండి. ఓడ తెల్లవారగానే వచ్చినా సామాను, ఇమిగ్రేషన్ తెమిలేసరికి పొద్దెక్కుతుంది. మధ్యాహ్నం తర్వాత విమానమే తీసుకోండి, నేరుగా గంటన్నర ప్రయాణం. ఎయిర్‌ఏషియా అయితే చేతి సామాను 7 కిలోలే, స్కూట్ అయితే 10. పెట్టెల బరువు టికెట్‌తోనే కొనండి, విమానాశ్రయంలో కొంటే చాలా ఎక్కువ గుంజుతారు. ఓడ ఎక్కడమంటే సింగపూర్ వదిలి మళ్లీ రావడమే కాబట్టి వీసా మల్టిపుల్ ఎంట్రీ అవునో కాదో చూసుకోండి. మలేసియాకు మనవాళ్లకు 30 రోజుల వీసా మినహాయింపు 2026 డిసెంబర్ 31 వరకు ప్రకటించారు. ఆ తర్వాత వెళ్తే పొడిగించారో లేదో చూసుకున్నాకే టికెట్ కొనండి. వెళ్లే ముందు మూడు రోజుల్లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి.

బీమా సంగతి. మీ బడ్జెట్‌లో దాని పద్దే లేదు, ‘మిగతావి లక్ష’లో ఎక్కడో ఉందనుకుంటాను. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు అక్కడ చెల్లదు, మామూలు ఆరోగ్య పాలసీ కూడా విదేశంలో పనిచేయదు. ఓడలో డాక్టర్ దగ్గరికి వెళ్తే బిల్లు గది ఖాతాలో డాలర్లలో పడుతుంది. లంకావిలో ప్రభుత్వాసుపత్రి ఒకటి, కువాలో. గుండె లాంటి పెద్ద సమస్య వస్తే దీవి దాటించి అవతలి ఒడ్డున ఉన్న అలోర్ సెతార్ నగరానికి తీసుకెళ్లాలి. అందుకే ట్రావెల్ పాలసీలో మూడు మాటలు వెతకండి. క్రూయిజ్ కవర్ ఉందా? ముందునుంచీ ఉన్న బీపీ, షుగర్ వల్ల వచ్చే అత్యవసరానికి వర్తిస్తుందా? రోగిని తరలించే ఖర్చు ఇస్తుందా? కనీసం 50 వేల డాలర్ల కవర్ ఉండాలి. బీపీ, షుగర్ దాచి తీసుకున్న పాలసీ చిత్తు కాగితం. ఐదుగురికి కలిపి ఏడెనిమిది వేలు అవ్వొచ్చు, రెండు మూడు కంపెనీల ధరలు తెచ్చుకుని పోల్చండి. మీ మీద టర్మ్ పాలసీ (జీవిత బీమా) ఉందో లేదో రాయలేదు. లేకపోతే ఓడకన్నా ముందు అది.

డబ్బు పోగేసే దారి: మీ భార్య జీతంలోంచి నెలకు 15 వేలు ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) కట్టండి, చెరువు డబ్బు వచ్చిన నెలల్లో ఇంటి లోటు ఆ చెరువు డబ్బులోంచి పూడ్చండి. పట్టుబడి లాభంలో ముందు ఎఫ్‌డీని 5 లక్షలు చేయండి, ఆపై మిగిలినదాంట్లో సగం యాత్రకు. ఓడలో బాల్కనీ గది వద్దు, లోపలి గది చాలు. ఓడ సిబ్బందికి మనిషికి రోజుకు రమారమి 18 డాలర్ల టిప్పు టికెట్ ధరలో కలిసిందో లేదో అడగండి, ఐదుగురికి నాలుగు రాత్రులకు అది 360 డాలర్లు. ఇదంతా బరువనిపిస్తే ఓడ మానేసి లంకావి ఒక్కటే చూడండి, లేదా అండమాన్ వెళ్లండి. పాస్‌పోర్టు అక్కర్లేదు, మీ ఆరోగ్య పాలసీ ఉంటే అక్కడా పనిచేస్తుంది.

25వ తేదీ గడువు ఏజెంటుది, మీది కాదు. 50 వేలు కట్టవద్దు. రద్దు చేసుకుంటే ఎన్ని రోజుల ముందు ఎంత వెనక్కిస్తాడో ఓడకు, విమానానికి, గదికి విడివిడిగా కాగితం మీద రాసిమ్మనండి. గదులు మాత్రం ఎప్పుడు తీసుకున్నా ఉచితంగా రద్దు చేసుకునే ధరకే తీసుకోండి. రిఫండ్ లేని గది కాస్త చవకే, కానీ బయలుదేరే వారంలో చెరువుకు జబ్బు తగిలితే ఆ డబ్బు మొత్తం పోతుంది.