ఇంప్లాంట్ గట్టిపడింది, ఫారం మీద సంతకం పెట్టాను… కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో బ్రెస్ట్ ఇంప్లాంట్ సర్జరీ చేయించుకుని మూడేళ్లు కావస్తోంది. ‘జీవితాంతం ఉంటాయి, మళ్లీ చూసుకోనక్కర్లేదు’ అని అక్కడి కౌన్సెలర్ వాట్సాప్‌లో రాసింది. నాలుగు నెలలుగా కుడివైపు గట్టిపడి నొప్పి పెడుతోంది. వెళ్లి అడిగితే, ‘సంతకం పెట్టారు కదా, మళ్లీ ఆపరేషన్‌కు డబ్బు కట్టండి’ అంటున్నారు. ఏ కంపెనీ ఇంప్లాంటో చెప్పే కాగితం కూడా నా దగ్గర లేదు. అమ్మకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు. కేసు వేయొచ్చా? గడువు దాటిపోయిందా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, కేసు సంగతి తర్వాత. ముందు ఈ వారంలోనే వేరే ఆసుపత్రిలో మరో ప్లాస్టిక్ సర్జన్‌కు చూపించుకోండి. ఇంప్లాంట్ చుట్టూ శరీరం ఒక పొర కట్టుకుంటుంది. అది బిగుసుకుపోయినా గట్టిదనం, నొప్పి వస్తాయి. మీది అదేనా, ఇంకేమైనా ఉందా అన్నది డాక్టరే తేల్చాలి. ఆయన అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోండి, రేపు కేసుకూ అదే ఆధారం.

గరుకు పైపొర ఉన్న ఇంప్లాంట్ల చుట్టూ అరుదుగా ఒక రకం లింఫోమా క్యాన్సర్ వస్తోందని తేలాక, 2019 జులైలో అలర్గాన్ కంపెనీ తన బయోసెల్ ఇంప్లాంట్లను ప్రపంచమంతటా వెనక్కి పిలిచింది. తన ఒంట్లో ఉన్నది ఆ రకమా కాదా అని తేల్చుకోవాలంటే మనిషి చేతిలో కాగితం ఉండాలి. మీ దగ్గర అదే లేదు. నా దృష్టిలో మీ కేసులో అన్నిటికన్నా పెద్ద లోపం ఇదే.

అందుకే ఇవాళే కేస్ షీట్, ఆపరేషన్ నోట్స్, కన్సెంట్ ఫారం, బిల్లులు, ఇంప్లాంట్ స్టిక్కర్ కాపీ కావాలని ఆసుపత్రికి రాతపూర్వకంగా అర్జీ పెట్టండి. ఈమెయిల్‌తో పాటు రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపండి. కంపెనీ పేరు, సీరియల్ నంబరు ఆ స్టిక్కర్ మీదే ఉంటాయి. 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం పేషెంటు అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. అయితే అదే నియమావళి వాటిని దాచమన్నది చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లే. మీకు ఆ మూడేళ్లు నిండబోతున్నాయి. ఒక్క రోజు కూడా ఆగకండి.

ఇక సంతకం గురించి. 2008లో సమీరా కోహ్లి కేసులో సుప్రీంకోర్టు, ఆపరేషన్ ఏమిటి, వేరే మార్గాలేమున్నాయి, గణనీయమైన ప్రమాదాలేమిటి అన్నవి చెప్పి తీసుకున్నదే నిజమైన సమ్మతి అంది. అరుదైన ప్రతి ప్రమాదాన్నీ ఏకరువు పెట్టనక్కర్లేదనీ అంది. కాబట్టి ఇంప్లాంట్ గట్టిపడినంత మాత్రాన అది డాక్టర్ నిర్లక్ష్యం అయిపోదు. ఆ ఒక్క మాట మీద కేసు వేస్తే నిలవడం కష్టం. మీ బలమంతా ఆ వాట్సాప్ మెసేజ్‌లో ఉంది. ఇంప్లాంట్లు జీవితకాలం ఉండే వస్తువులు కావని అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ స్పష్టంగా చెబుతోంది. 2021లో ఇంప్లాంట్ సమాచార పత్రంలో గడి కట్టి మరీ హెచ్చరిక ముద్రించమంది. సిలికాన్ రకమైతే అయిదారేళ్లకు తొలిసారి, ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి అల్ట్రాసౌండ్ గానీ ఎమ్మారై గానీ తీయించాలంటుంది. ‘మళ్లీ చూసుకోనక్కర్లేదు’ అని రాయడం తప్పుదోవ పట్టించడమే. ప్రాణం మీదికొచ్చి చేసే ఆపరేషన్ కాదిది, మానుకున్నా నష్టం లేదు. అలాంటప్పుడు ఉన్నదున్నట్టు చెప్పాల్సిన బాధ్యత ఇంకా ఎక్కువని నేను గట్టిగా వాదిస్తాను. ఆ ఫోన్ మార్చకండి, చాట్ చెరిపేయకండి. సాక్ష్యంగా పెట్టేటప్పుడు, ఎలక్ట్రానిక్ రికార్డులకు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 అడిగే ధ్రువీకరణ సర్టిఫికెట్ జత చేయాలి.

వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి గడువు రెండేళ్లు. లోపల దాగి ఉండి తర్వాత బయటపడే నష్టానికి, అది తెలిసిన రోజు నుంచి లెక్క వేయాలని వాదించవచ్చు. 2010లో శ్రీఖండే కేసులో సుప్రీంకోర్టు ఆ సూత్రాన్ని ఒప్పుకుంది. కానీ ఆ కేసులో బాధితురాలు ఓడిపోయింది. ఆపరేషన్ తర్వాత నొప్పి ఉన్నా ఏళ్ల తరబడి మాత్రలతో నెట్టుకొచ్చిందన్నదే కారణం. మీరు ఆ పని చేయకండి. ఆలస్యాన్ని మన్నించమని ఒక అర్జీ కూడా జత చేద్దాం.

మీరు ఉంటున్నదీ, ఉద్యోగం చేస్తున్నదీ బెంగళూరులోనే కాబట్టి ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయొచ్చు. మీరు కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు ఉండదు. ఇంప్లాంట్‌లోనే లోపముందని తేలితే, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద తయారీదారును, అమ్మినవారిని కూడా చేర్చవచ్చు. ఇబ్బందిని 1800-180-3024 నంబరుకు చెబితే వైద్య పరికరాల భద్రతను గమనించే ప్రభుత్వ కార్యక్రమంలో నమోదవుతుంది.

ఇంట్లో తెలుస్తుందన్న టెన్షన్ నాకు అర్థమవుతుంది. ఫొటోలు, స్కాన్లు సీల్డు కవర్లో తీసుకోమని, ఉత్తర్వుల్లో మీ పేరు రాయవద్దని కమిషన్‌ను కోరదాం. నోటీసులు మా ఆఫీసు చిరునామాకే తెప్పించుకోవచ్చు.

ఒకవేళ ఇంప్లాంట్ తీయించాల్సి వస్తే దాన్ని పారేయవద్దని ఆపరేషన్‌కు ముందే రాసివ్వండి. తీసిన ఇంప్లాంట్‌ను సీరియల్ నంబరు కనిపించేలా ఫొటో తీయించండి. చుట్టూ ఉన్న పొర, నీరు పాథాలజీ పరీక్షకు పంపాలా అని కొత్త సర్జన్‌ను అడగండి.