మే నెలలో ఒకసారి ఆ ఒడ్డు చూసి రా

చిరంజీవి రమకు, నీ మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డున నది పరిశోధనకు, విద్యార్థుల శిక్షణకు మీ విశ్వవిద్యాలయం ఒక క్షేత్ర కేంద్రం పెట్టబోతున్నదని, ఆ పని నీకే అప్పగించారని మీ నాన్న ఫోనులో చెప్పాడు. పొద్దున ఇరుగుపొరుగు వారందరికీ గొప్పగా చెప్పుకున్నాను. రాత్రి పడుకున్నాక మాత్రం ఆ ఒడ్డు బురదే కళ్ల ముందు మెదిలి నిద్ర పట్టలేదు.

అనుమతుల కోసం నీటిపారుదల, మత్స్య, అటవీ శాఖలకు ఇప్పుడే వ్రాయండి. బోరు వేస్తే ఆ నీటిలో ఫ్లోరైడ్ పరీక్షించకుండా పిల్లలకు తాగించవద్దు, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీటిని ఏళ్ల తరబడి తాగితే ఏమవుతుందో నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు చూసినదానివి, నీకు నేను చెప్పనక్కరలేదు. సూక్ష్మదర్శినుల కన్నా ముందు ఆడపిల్లలకు మరుగుదొడ్డి కట్టించు.

ఇక స్థలం సంగతి. ముప్పై ఏళ్ల కిందట నేను జంతుశాస్త్రం చెప్పిన కళాశాల తరఫున అదే తీరాన ఒక రేకుల గది వేయించాము. స్థలం ఎంచింది నేనే, అదీ దసరా సెలవుల్లో. శ్రీశైలం జలాశయం నిండు మట్టమైన 885 అడుగులకు చేరువగా ఉండడంతో గడప దాటి ఇరవై అడుగులు వేస్తే పాదాలు తడిసేవి. అందరూ వరద గురించే హెచ్చరించారు కనుక నేను గట్టు ఎత్తు మాత్రమే చూసుకున్నాను. జలాశయంలో మునిగి ఉండే సంగమేశ్వరాలయం నీరు తగ్గిన వేసవుల్లో బయటపడడం ఎరిగిన దానినే అయినా, నీరు నా గదిని విడిచి పోతుందన్న ఆలోచనే రాలేదు.

ఏప్రిల్ వచ్చేసరికి నది దగ్గరికి అరగంట నడక అయింది. నీరు విడిచిపోయిన ఒండ్రు పైకి ఎండి, పలకలుగా పగిలి గట్టి నేలలాగే కనిపిస్తుంది, దాని కింద జావ. ఒక పిల్లవాడు తొడల దాకా దిగబడ్డాడు. దిగబడుతూ కూడా సీసాల పెట్టెను నెత్తి మీదికి ఎత్తి పట్టుకున్నాడు, పిచ్చి నాయన. చేపలు పట్టేవాళ్లు తమ గుండ్రటి పడవను, పుట్టిని, బురద మీదుగా తోసుకొచ్చి, దాని అంచు పట్టుకొమ్మని, మెల్లగా బయటికి లాగారు. చెప్పులు అక్కడే ఉండిపోయాయి. వాళ్ల అమ్మకు ఏం చెప్పాలో తెలియక ఆ రాత్రి నేను అన్నం ముట్టలేదు.

ఆ భయంతో పిల్లలు నీటిని ముంచుకొని వచ్చేసేవారు, ప్రాణవాయువు కొలిచే మందులను అక్కడే కలపడం మానేసి గదికి తెచ్చాక కలిపేవారు, నేనూ చూసీచూడనట్టు ఊరుకున్నాను. ముంచిన చోటనే మాంగనస్ సల్ఫేటు, క్షార అయొడైడు వేసి కరిగిన ప్రాణవాయువును పట్టి ఉంచకపోతే, దారిలో ఎండకు సీసాలోని పాచి ప్రాణవాయువును వదులుతూనే ఉంటుంది, సూక్ష్మజీవులు వాడుకుంటూనే ఉంటాయి. నేను సంతకం చేసిన మూడు నెలల అంకెలు అన్నీ అలాంటివే. చివరికి ఎర్ర సిరాతో కొట్టివేసింది కూడా నేనే.

మీ పటంలో భవనం నీటి అంచునే ఉందట. ఇంత చదువుకొని ఇదేం పని, బిడ్డా? భవనాన్ని ఊరి వైపు, 2009 అక్టోబరు వరద నీరు ఎంతవరకు వచ్చిందో పెద్దవాళ్లు చూపించే చోటికి పైన కట్టండి. నీటి దగ్గర మాత్రం మట్టంతో పాటు జరుపుకోగల చిన్న పంటు, అంటే నీటిపై తేలే బల్ల, ఉంచి, నీటిలో కలిపే ఆ మందుల పెట్టెను, లైఫ్ జాకెట్లను అందులోనే పెట్టండి. ఒడ్డుకు రాళ్ల మెట్లు కట్టిస్తామని ఎవరైనా అంటే ఆ డబ్బుతో ఒక పుట్టి కొని, దాన్ని నడిపే మనిషికి నెలజీతం ఇవ్వండి. వాలుగ చేప ఎక్కడ గుడ్లు పెడుతుందో, ఏ రేవులో ఒండ్రు మోసం చేస్తుందో అతనికి తెలిసినంత మనకు తెలియదు. కోపంగా వ్రాశానని మనసు కష్టపెట్టుకోకు; నీ చిన్నప్పుడు జూరాల కాలువ గట్టు మీద నా చెయ్యి విడిపించుకొని పరుగెత్తినదానివి, ఆ అదురు నాకు ఇంకా తగ్గలేదు.

పునాది ముగ్గు పోయకముందు ఒకసారి మే నెల మధ్యాహ్నం ఆ ఒడ్డున నిలబడి రా; మోకాళ్లు సహకరిస్తే నేనూ వస్తాను. నీటి తేట కొలిచే నా సెక్కీ పళ్లెం మీ నాన్నతో పంపుతున్నాను. నలుపు తెలుపు రంగులు ఇంకా బాగానే ఉన్నాయి గాని తాడు నూలుది, తడిసి ఆరి పొట్టిదయింది. దాని ముడులను నమ్మకు, కొత్తది కట్టుకో.

నీ మేనత్త