మానేశాక కూడా నర్సు ఫోను ఎందుకు?

ప్రశ్న: మా వారు మద్యం మానేసి నాలుగు నెలలైంది. ఇప్పటికీ నర్సు వారం వారం ఫోను చేస్తున్నారు. మానేసిన మనిషికి ఇదంతా అవసరమా?

జవాబు: అవసరమేనమ్మా. పదహారేళ్లుగా ఈ పనిలో ఉన్న నర్సుగా గట్టిగా చెబుతున్నాను. చేతుల వణుకు, చెమటలు సాధారణంగా వారం పది రోజుల్లో తగ్గుతాయి. నిద్రలేమి, చిరాకు, ఉన్నట్టుండి తాగాలనిపించడం మాత్రం నెలల తరబడి వేధించవచ్చు.

నేను ఫోనులో ముందు "తాగారా?" అని అడగను. "రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు?" అంటాను. ఒకాయన చాలాసేపు మౌనంగా ఉండి, "మూడు రోజులుగా కన్ను మూతపడలేదు సిస్టర్" అన్నారు. ఆ రోజే డాక్టరు దగ్గరకు రప్పించాం. తాగాలన్న కోరిక చాలాసార్లు అరగంటలోపే మెత్తబడుతుంది. ఆ అరగంట ఎవరితో మాట్లాడాలో ముందే కాగితం మీద రాయించి పెడతాను. తాగాలన్న కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్ వంటి మందు వేసుకుంటున్నారా, కాలేయ పరీక్ష చేయించారా అన్నదీ చూస్తాం.

మళ్లీ తాగినా దాచకండి, తిట్టకండి, ఆ రోజే నర్సుకు చెప్పండి. డైసల్ఫిరామ్ (మద్యం తాగితే ఒంటికి తీవ్రంగా పడకుండా చేసే మందు) వాడుతూ తాగితే మాత్రం ఫోనుతో సరిపెట్టకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంకొకటి, మీరెలా నిద్రపోతున్నారో కూడా ఆమెకు చెప్పండి. ఇంట్లోవాళ్ల సంగతి కనుక్కోవడమూ మా పనే.